పెద్దల సంతకం

ఆసుపత్రి లాండ్రీలో రోజుకు రెండొందల దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషికి శనివారం మధ్యాహ్నం సెలవు దొరకడమంటే మాటలు కాదు. సూపర్‌వైజరు ముందు ముఖం చిట్లించాడు, తర్వాత గడియారం చూశాడు, ఆ తర్వాత ఎన్ని వారాలని అడిగాడు.

"పది వారాలండీ. మా అమ్మాయి పదో తరగతి. తల్లో తండ్రో వారానికో గంట పక్కన కూర్చోవాలట. పది వారాలు కూర్చుని పది సంతకాలు పెట్టకపోతే పరీక్షకు పంపరట."

"పక్కన కూర్చుంటే మార్కులొస్తాయా?"

"ఏమోనండీ. కొత్త హెడ్మాస్టరుగారు ఎక్కడో చదివారట."

ఆమెకూ అర్థం కాలేదు. కూతురికి లెక్కల్లో నూటికి పదకొండు వచ్చాయి, అది నిజం. తండ్రి లారీ మీద తిరుగుతూ నెలకు నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంటాడు, అదీ నిజం. కాబట్టి కూర్చోవలసింది తనే. కానీ లెక్కల పుస్తకం తెరిస్తే తలా తోకా తెలియని తను పక్కన కూర్చుని ఏం వెలగబెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక ఆ బడి బెంచీల సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే. పిల్లలు కూర్చుంటే అవి మామూలు బెంచీలు. పెద్దవాళ్లు కూర్చుంటే, ఏ వయసులో చదువు ఆపేశారో ఆ వయసుకు వచ్చేస్తారు. లేచి నిలబడితే మళ్లీ ఎప్పటి మనిషే. లాయరుగారు కూర్చుంటే ఆయన నెత్తిమీద కాసేపు జుట్టు మొలుస్తుంది, అంతే. మూడో తరగతిలో మానేసిన ఆటోడ్రైవరుకు మాత్రం కాళ్లు నేలకు అందవు. గంటసేపూ కొడుకు పెన్ను మూత నములుతూ కూర్చుంటాడు. నిలబడ్డవాళ్లను మీరు అనడం, కూర్చున్నవాళ్లను నువ్వు అనడం టీచర్లకు అలవాటైపోయింది.

మొదటి శనివారం ఆమె రెండో వరసలో కూతురి పక్కన కూర్చుంది. చీర వదులైంది. ముంజేతి మీది ఇస్త్రీపెట్టె మచ్చ మాయమైంది. పద్నాలుగేళ్ల తొమ్మిది నెలల పిల్ల రెండు జడలు వెనక్కి విసిరి బోర్డు వైపు చూసింది. లెక్కల మాస్టారు ఒక సమీకరణం రాసి, "ఎవరు చేస్తారు?" అన్నాడు. ఆ పిల్ల చెయ్యి లేచింది. తన చెయ్యేనా అని ఆమే తలెత్తి చూసుకుంది.

కూతురు నోరు తెరిచింది. "నీకు లెక్కలొచ్చా?"

"ఎందుకు రావు? ఇదిగో, నువ్వు ఇక్కడ గుర్తు మార్చలేదు. అటుపక్కకి వెళ్తే మైనస్ కాస్తా ప్లస్ అవుతుంది."

"మరి ఇంట్లో ఒక్కనాడూ చెప్పలేదేం?"

"ఇంట్లో నాకు రావుగా," అంది ఆ పిల్ల.

గంట కొట్టారు. ఆమె లేచింది. బోర్డు మీది అంకెలన్నీ చీమల బారులా కనిపించాయి. సంతకం పెట్టి ఇంటిదారి పట్టింది. చెప్పింది నేనే కదా, మరి నాకు తెలియదేం? నాకు తెలియనిది దానికెలా చెప్పాను? కూరగాయల కొట్టు దగ్గర ఆగి, ఏం కొనాలని వచ్చిందో మరిచిపోయి, ఉత్త సంచీతో ఇల్లు చేరింది. మర్నాడు దుప్పటి సగానికి మడిచి, మళ్లీ సగానికి మడుస్తుంటే ఏదో గుర్తుకొచ్చినట్టే వచ్చి జారిపోయింది. ఆ దుప్పటి కాస్త మాడింది.

వారాలు గడిచాయి. బెంచీ మీద వాళ్లిద్దరూ రబ్బరు ముక్క కోసం కొట్లాడుకున్నారు, ఒకళ్ల భుజం ఒకళ్లు నెట్టుకున్నారు, నవ్వాపుకోలేక ఒకసారి మాస్టారి చేత తిట్లు తిన్నారు. కూతురికి పదకొండు కాస్తా ముప్పై నాలుగైంది, ముప్పై నాలుగు యాభై ఎనిమిదైంది. హెడ్మాస్టరుగారు వరండాలో ఎదురుపడి, "చూశారా, తల్లి శ్రద్ధ పెడితే ఎలా ఉంటుందో!" అన్నారు. ఆమె తలూపింది. శ్రద్ధ పెట్టింది తనో, ఆ పిల్లో తేల్చుకోలేక సిగ్గేసింది కూడా. వేరే ఎవరి మెప్పో తన ఖాతాలో పడుతున్నట్టు అనిపించింది.

ఏడో శనివారం కూతురు మెల్లిగా అడిగింది. "ఇంత బాగా చదివేదానివి, ఎందుకు మానేశావు?"

"మానేయడమేంటి?" ఆ పిల్ల పుస్తకంలోంచి తలెత్తలేదు. "పరీక్ష అప్లికేషన్ మీద అమ్మ వచ్చి సంతకం పెట్టాలి. మిల్లులో మేస్త్రీ వదలట్లేదు. రేపు తప్పకుండా వస్తానంది."

అమ్మమ్మను కూతురు ఫొటోలో తప్ప చూడలేదు. ఆ రేపు ఎన్నటికీ రాలేదని మాత్రం కూతురికి అర్థమైంది. ఆ గంటంతా ఆ పిల్లకు రబ్బరు అడక్కుండానే ఇచ్చింది.

పదో శనివారం పరీక్ష అప్లికేషన్లు వచ్చాయి. క్లాసు టీచరమ్మ ఆ పూట తొందరలో ఉంది. ఎవరు తల్లో ఎవరు పిల్లో చూడకుండా జడలు లెక్కపెట్టి కాగితాలు పంచేసింది. రెండో వరసలో ఇద్దరికీ చెరొకటి అందింది. ఆ పిల్ల గుండ్రటి అక్షరాలతో తన కాగితమంతా నింపి, పెద్దల సంతకం అన్న చోట ఆగిపోయింది.

టీచరమ్మ ముందు కూతురి కాగితం తీసింది. "అమ్మగారూ, లేచి సంతకం పెట్టండి."

ఆమె లేచి, మచ్చ ఉన్న చేత్తో సంతకం పెట్టింది. గంట పూర్తికావడానికి ఇంకా పది నిమిషాలుంది కాబట్టి మళ్లీ కూర్చుంది. టీచరమ్మ రెండో కాగితం తీసి, తల తిప్పకుండానే అడిగింది.

"నీ పెద్దవాళ్లేరీ?"

"రేపొస్తుందండీ మా అమ్మ."

"రేపేంటి? ఇవాళే ఆఖరు."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు లోపలెక్కడో ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి కూడా వినబడింది. ఎందుకీ గోల, లేచి నిలబడితే పోయె, ఆ కాగితం మడిచి చెత్తబుట్టలో పడేస్తే పోయె అనుకుని ఆమె లేవబోయింది.

కూతురు భుజం పట్టి కూర్చోబెట్టేసింది. "లేవకు. లేస్తే నువ్వు వద్దంటావు."

తను నిలబడి, పెన్ను తీసుకుని, ఆ ఖాళీ చోట సంతకం చేసింది. టీచరమ్మ కళ్లజోడు సర్దుకుంది.

"నువ్వెలా పెడతావే? ఇది పెద్దల సంతకం."

"నాకు పదిహేను నిండాయండీ. తనకు పద్నాలుగేళ్ల తొమ్మిది నెలలు. నేనే పెద్ద."

టీచరమ్మ వేళ్ల మీద లెక్క కట్టింది. లెక్క సరిపోయింది. "సంబంధం అన్నచోట ఏం రాయను?"

"తల్లీకూతుళ్లమని రాయండి. ఎవరు ఏమిటో అందులో అడగలేదుగా."

నిజమే, అడగలేదు. టీచరమ్మ ముద్ర వేసింది.

పరీక్షలు ఆ బడిలోనే, ఆ బెంచీల మీదే జరిగాయి. సూపర్‌వైజరు ఈసారి ముఖం చిట్లించలేదు, ఏ సబ్జెక్టు ఎలా రాశావని రోజూ అడిగాడు. ఎలా రాసిందో ఆమెకేం తెలుసు? గంట కొట్టగానే లేచేది, రాసిందంతా మరిచిపోయేది, రెండో షిఫ్టుకు పరుగెత్తేది.

ఫలితాలొచ్చాయి. కూతురికి లెక్కల్లో అరవై ఏడు. తల్లికి ఎనభై ఒకటి. మార్కుల జాబితాల కోసం వెళ్తే టీచరమ్మ, "కూర్చోండి, సంతకాలున్నాయి," అంది.

ఆమె అలవాటుగా చీర దగ్గరికి లాక్కుని రెండో వరసలో కూర్చుంది. చీర వదులు కాలేదు. మోకాళ్లు బల్లకు కొట్టుకున్నాయి. ముంజేతి మీది మచ్చ ఎక్కడిదక్కడే ఉంది. బోర్డు మీద ఎవరో సగంలో వదిలేసిన లెక్క కనబడింది. అటుపక్కకి వెళ్లిన అంకెకు గుర్తు మార్చలేదు. ఆమె లేచి నిలబడి చూసింది, మళ్లీ కూర్చుని చూసింది. ఎలా చూసినా ఆ తప్పు కనబడుతూనే ఉంది.

"ఏమే, ఆ పిల్లేదే?" అంది కంగారుగా, బెంచీ అటూ ఇటూ తడుముతూ. "నిన్నటిదాకా ఇక్కడే కూర్చునేదిగా. ఎటు పోయింది?"

కూతురు తల్లిని కాస్త పక్కకు జరిపి కూర్చుంది.

"పాసై వెళ్లిపోయిందమ్మా."