ప్లాట్‌ఫారం మీద ఆగిన ప్రార్థన

ఏసుదానం గారి ప్రార్థన ఎప్పుడూ ఆదాముతోనే మొదలవుతుంది. ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా, కొత్త మోటారు బిగించినా, ఆవు ఈనినా సరే, ఆయన కళ్లు మూసుకుని సృష్టి ఆరంభం దగ్గరే బయలుదేరతారు. నోవహుతో ఓడ ఎక్కి, మోషే వెంట ఎడారి దాటి, దావీదు ముందు కాసేపు ఆగి, అప్పుడు గానీ ఆవు దగ్గరికి రారు. ఆయన మోషే దగ్గర ఉండగా ఎసరు పెడితే, ఆమేన్ వేళకి అన్నం వార్చుకోవచ్చని కోడలు శాంతి పెళ్లయిన మొదటి నెలలోనే కనిపెట్టింది. డిగ్రీ చదువు అక్కరకొచ్చిన సందర్భాల్లో అదొకటి.

అలాంటి ప్రార్థన ఒకటి నడుస్తుండగా, మధ్యలోనే ఆమె భర్త థామస్ రైలెక్కేశాడు.

థామస్ సైన్యంలో ఇంజనీర్ల దళంలో నాయక్. ఫిబ్రవరిలో వాళ్ల యూనిట్‌ను ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో దక్షిణ సూడాన్‌కి ఏడాది పాటు పంపారు. అక్కడ వానలకి కొట్టుకుపోయిన రోడ్లు మళ్లీ వెయ్యడం వాళ్ల పని. "శాంతి మొగుడు శాంతిసేనకి కాకపోతే ఎక్కడికెల్తాడు" అని చర్చిలో అందరూ తలా ఒకసారి హాస్యమాడారు. శాంతి ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వింది.

ఆమదాలవలస స్టేషన్‌లో ఆ రైలు ఆగేది రెండు నిమిషాలు. ఏసుదానం గారు కొడుకు తల మీద చెయ్యి పెట్టి, రైలు రావడానికి చాలా ముందే మొదలుపెట్టారు గనక ఆయన్ని అనడానికి లేదు. అది సరిగ్గా టైముకి వస్తుందని ఎవరూ ఊహించలేదు. రైలు వచ్చి ఆగేసరికి ఆయన ఎర్రసముద్రం ఒడ్డున ఉన్నారు. థామస్ తల కదపలేక ఒక కన్ను తెరిచి శాంతి వైపు చూశాడు. కూత పడింది. పెట్టెలు కదిలాయి. అప్పుడతను తండ్రి చేతి కింద నుంచి వంగి తప్పుకుని, సంచి భుజాన వేసుకుని పరిగెత్తాడు. ఏసుదానం గారు కళ్లు తెరిచేసరికి ఆయన చెయ్యి గాల్లో ఉంది, కొడుకు ఒంటికాలి మీద పెట్టె మెట్టుకి వేలాడుతున్నాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆయన కొడుకుతో ఫోన్లో ఒక్క మాట మాట్లాడలేదు. ఫోను మోగితే తువ్వాలు భుజాన వేసుకుని పశువుల సాలకి వెళ్లిపోయేవారు. "ఆమేన్ దాకా ఆగనేనోడు నా మాటకి ఆగుతాడేటి" అని ఒకసారి అన్నారు. కోపమని అందరూ అనుకున్నారు.

శనివారం పొద్దున్న థామస్ నుంచి మెసేజ్ వచ్చింది. ఆదివారం వాళ్ల యూనిట్ పుట్టినరోజు. జవాన్లంతా కలిసి భోంచేసే చోట తెర కట్టి, ఇళ్ల నుంచి వచ్చిన దీవెనల వీడియోలు వేస్తారట. ఇంటికొకటి, ఒక్క నిమిషం, ఇవాళ సాయంత్రం ఐదులోగా పంపాలి. "నాన్న రెండు మాటలంటే సాలు శాంతీ."

ఆ రెండు మాటలు ఎందుకో శాంతికి తెలుసు. నెల కిందట అతనికి మలేరియా వచ్చి శిబిరం ఆసుపత్రిలో ఆరు రోజులున్నాడు. ఆ సంగతి ఆమెకొక్కదానికే చెప్పాడు. "నాన్న ప్రార్థన మద్దెలో వదిలీసి వచ్చీసినాను గదా, అందుకే పట్టుకున్నాదేమో" అని నవ్వాడు. నవ్వు చివర దగ్గాడు. అది దగ్గు కాదు.

మామగారిని కొడుకుతో మాట్లాడమంటే సాలలోకి పోతారు. అందుకని శాంతి ఆ మాటే ఎత్తలేదు.

"మావయ్యా, అక్కడ నాలుగొందల మంది జవాన్లు ఒక్కచోట కూచుంటారంట. వాళ్లందరి కోసం ఎవరైనా పెద్దవారు ప్రార్థన చేస్తే బాగుంటుందని మీ అబ్బాయి రాశాడు."

నాలుగొందల మంది సంఘాన్ని కాదనగల పెద్ద ఆ చర్చిలో ఇంకా పుట్టలేదు. ఏసుదానం గారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చున్నారు. శాంతి ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించింది.

"ఒక్క నిమిషమే మావయ్యా."

"నాకు తెలీదేటమ్మా."

ఆయన అబ్రాహాము దగ్గరికి చేరేసరికి ఫోనులో జాగా నిండిపోయి అదే ఆగిపోయింది. శాంతి పాత ఫొటోలు కొన్ని తీసేసింది.

గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న అత్తగారు అప్పలమ్మ సలహా ఇచ్చింది. "ఆదాం కాణ్నుంచి వద్దు. దావీదు కాణ్నుంచి ఎత్తుకో. అంతకు ముందోల్లంతా ఎలాగూ పోనారు కదా."

"నువ్వూరుకో."

దావీదు దగ్గర ఎత్తుకున్నారు. కాసేపటికి గుమ్మంలోంచి గొంతు వినపడింది. "ఆ గుంటడింకా గొర్రెలే కాస్తన్నాడు. నిమిషం అయిపోనాది."

మూడోసారి పాతవాళ్లనందరినీ వదిలేసి సూటిగా మొదలుపెట్టబోయారు. నోరు తెరిచారు, మాట రాలేదు. మళ్లీ తెరిచారు. చివరికి లేచి నిలబడ్డారు. "నా వల్ల కాదమ్మా. ఇంకెవులిసేతైనా సెప్పించు."

గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. తువ్వాలు కోసం ఆయన చెయ్యి చాచడం చూసి శాంతి చతురత కట్టిపెట్టింది. మలేరియా సంగతి చెప్పింది. ప్రార్థన మధ్యలో వదిలేసి వచ్చినందుకే జ్వరం తగిలిందని థామస్ అనుకుంటున్న సంగతి కూడా చెప్పింది.

ఆయన మంచం మీద కూలబడ్డారు.

"తగ్గిపోయింది మావయ్యా. డ్యూటీకి కూడా వెళ్తున్నాడు."

"నాకెందుకు సెప్పలేదు?"

"మీరు ఫోను దగ్గరికి వస్తే కదా."

అప్పలమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"నాకు కోపమనుకుంటన్నాడేటి ఆడు?" అన్నారాయన. "రైలొచ్చినట్టు నాను ఇన్నానమ్మా. కూత ఇన్నాను. చక్రాల సప్పుడు కూడా ఇన్నాను. ఇంకొక్క మాట, ఇంకొక్క మాట అనుకుంటా సాగదీసినాను. ఆమేనంటే ఆడు ఎల్లిపోతాడు కదా." తువ్వాలు లేక చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నారు. "ఆ మెట్టు మీద కాలు జారుంటే? కన్నతండ్రి నోరే ఆడి పానం తీసుండును. ఏ మొకం పెట్టుకుని మాటాడను?"

"ఎనిమిది నెల్లు!" అంది అప్పలమ్మ. "ఎనిమిది నెల్లు ఇది కడుపులో పెట్టుకుని పశువుల కాడ కూకున్నావేటి? ఆవుకైనా సెప్పినావా?"

"ఊరుకో అత్తా," అంది శాంతి. ఆమె కళ్లకీ ఏదో అడ్డుపడుతోంది, ఫోను సరిగ్గా కనిపించడం లేదు.

ఏసుదానం గారే మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. ఈసారి కళ్లు మూసుకోలేదు. జన్మలో మొదటిసారి దేవుడితో పుస్తకాల తెలుగు వదిలేసి, చెరువు గట్టు మీద ఎదురైన మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు.

"పెబువా, ఈడు మా గుంటడు. ఆ దినం ఈడ్ని ఎల్లనీకుండా ఆపీసినాను, తప్పు నాదే, ఈడిది కాదు. ఇన్నాళ్లు ఈడ్ని సూసుకున్నావు, జొరం తగ్గించినావు, నీకు దండం. ఈడికి మందిచ్చినోల్లు, ఈడి పక్కన పనిసేసే కుర్రోల్లు, అందరూ సల్లగుండాలి. ఒరే తామసూ, నాకు కోపం లేదురా. బాగుండు. ఆమేన్."

అప్పలమ్మ తలెత్తింది. "అయిపోనాదేటి?"

నలభై సెకన్లు కూడా కాలేదు. శాంతి పంపించేసింది. ఐదుకి పది నిమిషాలుండగా అది చేరినట్టు రెండు గీతలు పడ్డాయి. ఇంత బక్క నెట్‌వర్క్ మీద ఇంత బరువు ఎలా వెళ్లిందా అని ఆమె ఆ గీతల వంకే చూస్తూ మనసులో థ్యాంక్స్ చెప్పుకుంది. దేవుడికి ఒకటి, తమ మూలపేటలో వీధి చివరనున్న టవరుకి ఒకటి.

సోమవారం మధ్యాహ్నం అన్నాలు వడ్డిస్తుండగా ఫోను మోగింది. ఏసుదానం గారు లేచారు. అలవాటు కొద్దీ సాల వైపు తిరగబోయి, ఆగి, చెయ్యి చాచారు.

శాంతి స్పీకరు వేసి ఇచ్చింది.

"నానా."

"ఊఁ. సెప్పరా."

థామస్ చెప్పాడు. తెర మీద ఎవరి పిల్లలో పాటలు పాడారట, ఎవరి భార్యో ఏడ్చిందట. నాన్న వచ్చేసరికి తెలుగు తెలిసినవాళ్లు అక్కడ ముగ్గురేనట. పక్కనున్న పంజాబీ సుబేదారు, మీ నాయన ఏమన్నాడని అడిగాడట. నన్ను దేవుడికి అప్పజెప్పాడని థామస్ అన్నాడట. మరి మమ్మల్ని? అన్నాడట సుబేదారు. మిమ్మల్ని కూడానన్నాడట థామస్.

"అప్పుడాయన లేచి నిలబడి తెరకి సెల్యూట్ కొట్టినాడు నానా. మీ నాయనకి సెప్పు, మా ఊర్లో మా అమ్మ కూడా ఈ పనే సేస్తాదని అన్నాడు."

థామస్ ఇంకా చెబుతూనే ఉన్నాడు: మోకాలి లోతు నల్లమట్టి, దాని మీద వాళ్లు వేసిన రోడ్డు, ఆ రోడ్డు మీద మొదటిసారి బడికి నడిచి వెళ్తూ చేతులూపిన పిల్లలు. ఏసుదానం గారు ఫోనుని రెండు చేతుల్తో పట్టుకుని వింటున్నారు. ఊఁ అంటున్నారు, అంతే. పళ్లెంలో అన్నం ఆరిపోతోంది. అప్పలమ్మ లేచింది. మూత తెచ్చి పళ్లెం మీద బోర్లించి, మొగుడి పక్కనే చతికిలబడి, తనూ వినడం మొదలుపెట్టింది.