విప్పిన కుట్లు

సంచీలో అన్నిటికంటే ముందు తిరిగొచ్చేటప్పుడు వేసుకునే బట్టలు పెట్టాలి. నా పద్ధతి అది. అందరూ వెళ్ళేటప్పుడు కావలసినవి సర్దుతారు, నేను మాత్రం అడుగున తిరుగు ప్రయాణం పరుస్తాను. అందుకే కోడలి నీలం గౌను ఇస్త్రీ చేసి మడతపెట్టి సంచీ అడుగున ఉంచాను. దాని మీద పాత మెత్తటి గుడ్డలు, బిడ్డకి కుట్టిన చిన్న చొక్కాలు, తువ్వాలు, సబ్బు, దువ్వెన. కాన్పుకి ఇంకా నెల పైనే ఉంది.

"ఇప్పట్నుంచే ఎందుకత్తయ్యా?" అంది కోడలు మిషన్ తొక్కుతూనే.

"ఖాళీగా ఉన్నాను కదా అని."

అబద్ధం. బళ్ళు తెరిచే రోజులు. ముందు గదిలో యూనిఫారాల గుట్ట కిటికీ సగం దాకా వచ్చింది. ఆ ఇంట్లో ఖాళీగా ఉన్నది గోడ గడియారం ఒక్కటే, అదీ సెల్లు అయిపోయి.

మాది కుట్టుపని ఇల్లు. ముందు గది షాపు, వెనక గది సంసారం. మా ఆయన పోయాక మా అబ్బాయి మాస్టరయ్యాడు. కొలతలు తీసేదీ గుడ్డ కత్తిరించేదీ వాడు. మిగతావన్నీ కోడలు. అతకడం, అంచులు మడవడం, కాజాలు, గుండీలు, ఇస్త్రీ, ఆ పైన వంట, అంట్లు. వచ్చినవాళ్ళు బట్ట తీసుకుని వెలుతురుకి పట్టి చూసి, "మాస్టరు చెయ్యి మంచి చెయ్యి" అంటారు. వాడు నవ్వుతాడు. కోడల్ని అందరూ కాజాల పిల్ల అంటారు. ఆ కాజాలు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది, భూతద్దం పెట్టి చూసినా ఒక పోగు అటూ ఇటూ ఉండదు. పిల్లకి తల్లి లేదు. పురిటికి వెళ్ళడానికి నా పక్క తప్ప వేరే చోటు లేదు.

మొదటి నెలల్లో ఇస్త్రీ పెట్టె వాసనకే కడుపులో తిప్పేది. పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, మళ్ళీ అదే పెట్టె పట్టుకునేది. తర్వాత గుండెల్లో మంట. ఆ తర్వాత నడుము. పొట్ట పెరిగాక మిషన్ కి దూరంగా కూర్చోవాల్సి వచ్చింది, దూరంగా కూర్చుంటే చేతులు చాచాలి, చేతులు చాస్తే వీపు పట్టేస్తుంది. పిక్కలు పట్టేసి ఒక్కోసారి తొక్కడం ఆపి పళ్ళు బిగించుకుని కూర్చునేది. మాటిమాటికీ పెరట్లోకి వెళ్ళి రావలసి వస్తోందని నీళ్ళు తాగడం తగ్గించింది. లేచిన ప్రతిసారీ మా వాడు తల ఎత్తకుండా, "మళ్ళీనా?" అంటాడు. కోపంగా అనడు. గుడ్డ మీద సుద్దముక్కతో గీత గీస్తూ, ఆ గీత ఎంత మామూలో ఈ మాటా అంత మామూలన్నట్టు అంటాడు. కోపమైతే తిరిగి ఏమన్నా అనొచ్చు. దీనికేమంటాం?

ఆ పిల్లకి నవ్వడం వచ్చు, అదే నా అదృష్టం. "మిషన్ తిరిగినంత సేపూ లోపల కదలదు అత్తయ్యా, ఆపానా, తన్నడమే. లోపల కూడా ఒక మాస్టరున్నాడు" అనేది. ఇద్దరం నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. మళ్ళీ కాసేపటికి, గుండీలు కుడుతూ, గొంతు తగ్గించి, "నొప్పులొస్తున్నాయని ఎలా తెలుస్తుందత్తయ్యా? నాకు తెలియకపోతే?" అని అడిగేది. తెలుస్తుంది తల్లీ అనేదాన్ని. నాకు కూడా ఎవరో అలాగే చెప్పారు. చెప్పినవాళ్ళెవరూ ఎలాగో చెప్పలేదు.

నేను మా వాణ్ణి మోస్తున్నప్పుడు ఏమన్నా అంటే మా అత్తగారు, "అదంతా మామూలే" అనేది. కాళ్ళు వాచాయంటే మామూలే. ఊపిరాడటం లేదంటే మామూలే. మా ఆయనైతే, "లోకంలో నువ్వొక్కదానివే మోస్తున్నట్టు!" అనేవాడు, అని పకపకా నవ్వి, నేను మళ్ళీ ఆ మాట ఎత్తకుండా చూసుకునేవాడు. నేను ఎత్తలేదు. అలవాటైపోయింది. మామూలే అన్న మాట ఎన్నిసార్లు మింగానో, ఇప్పటికీ నోటి దాకా వస్తుంది. కోడలితో కూడా మొదట్లో అదే అనబోయి నాలుక కరుచుకునేదాన్ని. ఎందుకంటే ఆ మాట నేను మొదట విన్నది మా అత్తగారి నోట కాదు. అంతకు ముందే, మా అక్క అత్తగారి నోట విన్నాను.

అక్కని కూడా కుట్టుపని ఇంటికే ఇచ్చారు, మా వీధి చివరే. బావ మాస్టరు. అక్కకి ఏడో నెల వెళ్ళి ఎనిమిది వచ్చేసరికి బళ్ళు తెరిచే రోజులు. నేను సాయానికి వెళ్ళి గుండీలు కుట్టేదాన్ని. తలనొప్పంటే వాళ్ళత్తగారు మామూలే అనేది, అక్క తలకి తడిగుడ్డ కట్టుకుని మిషన్ తొక్కేది. ముఖం నున్నగా, బుగ్గలు నిండుగా ఉంటే చూసినవాళ్ళంతా, "ఒళ్ళు చేసింది, కళ వచ్చింది" అన్నారు. రవిక చేతులు బిగుతయ్యాయంటే బావ ప్రేమగానే కుట్లు విప్పి వదులు చేశాడు. తర్వాత ఒకనాడు ఆసుపత్రికని సంచీ సర్దారు. సర్దింది వాళ్ళత్తగారు. అందులో బావ తువ్వాలు, బావ గెడ్డం గీసుకునే సామాను, బావకి రెండో చొక్కా, బిడ్డ గుడ్డలు. అక్కకి ఒక దుప్పటి. సంచీ పట్టుకుని వీధి మలుపు దాకా నేను వెళ్ళాను. బండెక్కుతూ అక్క అంది, "ఆ నిక్కర్ల కాజాలు మిగిలిపోయాయే. వచ్చి వేస్తానని చెప్పు."

అందుకే సంచీ అంటే నాకు భయం. ఎవరు ఎక్కడికి బయల్దేరినా, పక్క వీధికైనా సరే, కనుమరుగయ్యేదాకా గుమ్మంలో నిలబడతాను. మా వాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ.

నేను చదువుకున్నది కూడా అక్క వాళ్ళ షాపులోనే. కొలతలకి కత్తిరించుకునే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. కాలరు ముక్క మీద సగం వార్త, జేబు ముక్క మీద సగం కథ. నా చదువంతా అంతే, మొదలుంటే చివర ఉండదు. అక్క బండెక్కిన వారం ఒక చెయ్యి ముక్క మీద గర్భిణుల గురించి రాసింది కనిపించింది. కాళ్ళ వాపు చాలామందికి ఉంటుందట, కానీ ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పి వదలకుండా, కళ్ళ ముందు మెరుపుల్లా కనిపిస్తే వెంటనే... అక్కడ చంక వంపు. మిగతా మాట కత్తెర తినేసింది. వెంటనే ఏం చెయ్యాలి? కింద పడ్డ ముక్కలన్నీ వెతికాను. దొరకలేదు.

ఇన్నేళ్ళకి మళ్ళీ బళ్ళు తెరిచే రోజుల్లో, వారం మొదట్లో కోడలు, "చేతులు పట్టేస్తున్నాయండీ" అంది. మా వాడు, "ఇలా తే" అని రోజూ వేసుకునే గౌను తీసుకుని, బ్లేడుతో రెండు చేతుల కుట్లూ విప్పి, లోపల దాచిన గుడ్డ వదిలి, మళ్ళీ కుట్టేశాడు. పని ఆపి మరీ చేశాడు. పిల్ల మొహం వెలిగింది. వాడు చెడ్డవాడు కాదు. మా ఇళ్ళల్లో ఒంటికి ఏం వచ్చినా కుట్టు విప్పుతాం. మందు అదే, ముద్దూ అదే. పొట్ట పెరిగింది, పొట్ట దగ్గర విప్పాం, సబబే. చేతులెందుకు పెరుగుతాయి అని ఎవరమూ అడగలేదు. టేపు మెడలో వేసుకుని తిరిగే ఇల్లు మాది.

రెండు రోజులకి టీ తీసుకెళ్ళి ఇస్తే, కోడలు సూదిలోకి దారం ఎక్కించలేక కూర్చుని ఉంది. ఆ పిల్ల చీకట్లో కూడా దారం ఎక్కించగలదు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదత్తయ్యా. నిన్నట్నుంచి తల బద్దలవుతోంది. కళ్ళ ముందు మిణుగురుల్లా... సూది రెండుగా ఉంది." మళ్ళీ తనే, "మామూలేనేమో" అంది.

చెయ్యి పట్టుకున్నాను. గౌను చెయ్యి అంచు కండలోకి దిగి ఎర్రగా వాత పడింది. బొటనవేలితో నొక్కి తీస్తే గుంట అలాగే ఉండిపోయింది, మైదా ముద్దని నొక్కినట్టు.

"ఒరేయ్, ఇలా రా. చేతులు మళ్ళీ బిగుతైపోయాయి."

వాడొచ్చి చెయ్యి తిప్పి చూశాడు. కుట్టు లోపల తడిమాడు. "ఇంక లోపల గుడ్డ లేదమ్మా. పక్కన ఒక పట్టీ అతుకుదాం. ఈ రంగు ముక్క ఎక్కడో ఉండాలి" అని ముక్కల డబ్బా వైపు వెళ్ళాడు.

వాడు నిజంగానే డబ్బా వెతుకుతున్నాడు.

"పట్టీ వద్దు. బండి పిలువు. ఆసుపత్రికి వెళ్ళాలి."

"ఇప్పుడా? రేపు సాయంత్రానికి బడి వాళ్ళకి ఇవ్వాలమ్మా. ఎల్లుండి చూపిద్దాం. తలనొప్పి ఎవరికి రాదు?"

"నేను తీసుకెళ్తాను. నువ్వు కుట్టు."

"మరి కాజాలో?"

"వెయ్యి. మాస్టరువి కదా."

నా కొడుకు నన్ను ఏదో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. వాడు జన్మలో కాజా వెయ్యలేదు. నేను సంచీ భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళి బండి నేనే ఆపాను. బండిలో కోడలు నా చెయ్యి వదల్లేదు. "ఏమీ లేదని పంపిస్తే ఆయన కోప్పడతారేమో అత్తయ్యా."

"ఏమీ లేకపోతే నవ్వుకుంటూ వద్దాం. తిట్లు నా వాటాకి రాసుకో."

ఆసుపత్రిలో నర్సు రక్తపోటు చూడాలని గౌను చెయ్యి పైకి మడవమంది. మడత పడలేదు. ఇంకొంచెం లాగింది. పిల్ల మూలిగింది. నా సంచీలో కత్తెర ఎప్పుడూ ఉంటుంది. కుట్టిన బట్ట మీద కత్తెర పెట్టడం మా ఇంట్లో మహాపాపం. భుజం దాకా ఒక్క వాటున చీల్చేశాను. నర్సు పట్టీ చుట్టి, గాలి కొట్టి, చూసి, మళ్ళీ కొట్టి చూసి, గబగబా లోపలికెళ్ళి డాక్టరమ్మని వెంటబెట్టుకొచ్చింది.

"ఈ తలనొప్పి ఎప్పట్నుంచి?" డాక్టరమ్మ అడిగింది.

"నిన్నట్నుంచండీ. మామూలేనండీ" అంది కోడలు.

"మామూలు కాదమ్మా" అంది ఆవిడ. మెత్తగానే అంది. ఇన్నేళ్ళుగా ఆ మాట ఒక్కరన్నా అంటారేమోనని కాచుకుని కూర్చున్నట్టు, అక్కడే, బల్ల అంచు పట్టుకుని, ఏడ్చేశాను. నర్సు నేనేదో భయపడ్డానని మంచినీళ్ళిచ్చింది.

సాయంత్రం మా వాడొచ్చాడు. వేళ్ళ నిండా సూది పోట్లు. లోపలికి రానివ్వలేదని నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"ఇంత అయ్యేదాకా నాకొక్క మాట చెప్పొచ్చు కదమ్మా."

"చెప్పింది నాన్నా. చేతులు పట్టేస్తున్నాయని చెప్పింది. నువ్వు విప్పావు."

వాడు తన చేతుల వంక చూసుకున్నాడు. నేను ఓదార్చలేదు. ఓదార్చే ఓపిక ఆ రోజుకి అయిపోయింది, ఉన్న కాస్తా లోపలున్న పిల్లకి దాచుకున్నాను.

బిడ్డని నెల ముందే తీశారు. ఆడపిల్ల. నేను కుట్టిన చొక్కాల్లో అన్నిటికంటే చిన్నది కూడా ఒంటికి రెండు చుట్లు తిరిగేంత చిన్న పిల్ల. కోడలు కొన్నాళ్ళు కళ్ళు సరిగ్గా తెరవలేదు, వాపు మెల్లమెల్లగా దిగింది. యూనిఫారాలు ఆలస్యమయ్యాయి, పిల్లలు పాత బట్టల్తోనే బడికెళ్ళారు, లోకం ఏమీ మునిగిపోలేదు.

ఇంటికి బయల్దేరే రోజు సంచీ అడుగు నుంచి నీలం గౌను తీశాను. దాని చేతులు కూడా నేనే ముందుగా వదులు చేసి ఉంచాను. ఇప్పుడు వేలాడుతున్నాయి. "సంచీలా ఉన్నానత్తయ్యా" అని నవ్వింది. అక్కడే మంచం మీద కూర్చుని, సూదీ దారం తీసి, విప్పిన కుట్లు రెండూ మళ్ళీ లోపలికి వేశాను. దారం తనే ఎక్కించి ఇచ్చింది.

మిషన్ ముందు ఇప్పుడు మూడు నెలల దాకా తను కూర్చోదు. నేను చెప్పాను. కాజాలు మా వాడు నేర్చుకుంటున్నాడు, వంకరగా వస్తున్నాయి, జనం మాస్టరు చెయ్యి పడిపోయిందంటున్నారు.

అక్క రవిక కుట్లు మళ్ళీ వేసే పని ఎవరికీ పడలేదు. సంచీ బావ తెచ్చాడు. అక్క తిరిగి రాలేదు. బళ్ళు తెరిచిన వారం, బుధవారం పొద్దున పోయింది.