కొత్త దడి

"కూలోడెందుకే, నువ్వున్నావుగా," అన్నాడు మా ఆయన జానకిరామ్, ట్రాక్టర్ మీంచి వెదురు బద్దలు దింపించుకుంటూ. నిజమే, నేనెప్పుడూ ఉంటాను. ధాన్యం ఎండబోయడానికి ఉంటాను. ఆయన స్నేహితులకి కోడికూర వండిపెట్టడానికి ఉంటాను. ఉప్పు ఎక్కువైందని విసిరిన పళ్లెం మొహాన పడడానికీ ఉంటాను. పెరటి దడికి కట్టిన కొబ్బరి మట్టలు చివికిపోయి, మూలన మా కుక్క జూలీ దూరేంత కంత పడింది. అది ఊరి మీద తిరుగుతోందని, ఎవర్నైనా కరిస్తే గొడవని, అందుకే కొత్త దడని అందరికీ చెప్పాడు.

అసలు సంగతి నాకు తెలుసు. ఆయన నా మీద చెయ్యెత్తగానే జూలీ ఆ కంతలోంచి దూరి, పక్కింటి అచ్చాయమ్మ పిన్ని గుమ్మంలో నిలబడి అరుస్తుంది. పిన్ని చేస్తున్న పని వదిలేసి వచ్చేస్తుంది. "రెండు కరేపాకు రెబ్బలిత్తావా అమ్మా," అంటుంది. వాళ్ల పెరట్లో మాకంటే పెద్ద చెట్టుంది. ఆవిడ ఆకు తుంపుకుంటున్నంతసేపూ ఆయన చెయ్యి దిగి ఉంటుంది. పిన్ని ఊళ్లో లేనిరోజున నా ముంజెయ్యి విరిగింది. "మగోడన్నాక ఓ దెబ్బేత్తాడు, దానికి ఊరంతా చెప్పుకుంటామా ఏంటి," అంది మా అత్తగారు, కట్టులేని రెండో చేతికి చీపురందిస్తూ. పోయినవారం ఆయనకి విషయం అర్థమైంది. జూలీని వెనక కాళ్లు పట్టుకుని అరుగుకేసి కొట్టాడు. అది ఇంకా కుంటుతోంది. ఆ మర్నాడే వెదురు కొన్నాడు.

దడి కట్టడానికి ఇద్దరుండాలి. లోపలివాళ్లు దబ్బనంతో తాడు పొడిస్తే, బయటివాళ్లు అందుకుని బద్ద చుట్టూ తిప్పి మళ్లీ లోపలికి పొడవాలి. ముడి మాత్రం ఎప్పుడూ లోపలే వేస్తారు, బయటుంటే దొంగ విప్పేస్తాడని. లోపల కొబ్బరి నీడలో ఆయన, బయట ఎండలో కాలవగట్టు మీద నేను. పొద్దున్నించీ కడుతున్నాం.

చివరి కంత దగ్గర నా చెయ్యి ఇంకా బద్ద మీదే ఉంది. ఆయనకి కనిపిస్తూనే ఉంది. దబ్బనం అరచేతిలోకి దిగిపోయింది. "అడ్డం పెడితే గుచ్చుకోదా," అన్నాడు. తర్వాత నిదానంగా, "ఇయ్యాళ్టినించి ఆవిడ కరేపాకు కోసం ఎలా వత్తాదో చూత్తాను," అన్నాడు.

చేతిలోంచి దబ్బనం లాగాను. నెత్తురు మోచేతి దాకా కారింది. బద్దల సందులో ఆయన కన్ను నాకు జానెడు దూరంలో ఉంది. పొడిచేద్దామనుకున్నాను. అది ఎంత లోతుకి దిగుతుందో కూడా ఊహించుకున్నాను, ఊహించుకుంటే హాయిగా ఉంది. "ఏం చూత్తున్నావే, పొడు," అని ఆయన అరిచాడు. ఆ అరుపుకి జూలీ అలవాటుగా కుంటుకుంటూ వచ్చి, మిగిలిన ఆ కాస్త సందులోంచి దూరి నా కాళ్ల దగ్గర పడింది. అప్పుడు చూసుకున్నాను, నేనెక్కడ నిలబడి ఉన్నానో.

తాడు ఊడదీసి దబ్బనం కాలవలోకి విసిరేశాను. చివరి బద్ద దగ్గరికి లాగి, తాడు నా వైపే తిప్పి, గట్టిగా ముడేశాను. మరో ముడి కూడా వేశాను. "బయటేశావేంటే, బుద్ధుందా," అంటూ ఆయన దడి పట్టుకుని ఊపాడు. పొద్దున్నించీ నేను బిగించి లాగిన దడి, అది కదల్లేదు.

నేను పిన్ని గుమ్మంలోకి వెళ్లేసరికి జూలీ అప్పటికే అరుస్తోంది. అచ్చాయమ్మ పిన్ని చేతులు తుడుచుకుంటూ మా ఇంటికే బయల్దేరుతోంది.

"కరివేపాకుకి రానక్కర్లేదు పిన్నీ," అన్నాను. "ఇవాళ నేనే వచ్చేశాను."