ఆరో మేకు

ఎన్నికల డ్యూటీలో టీచరమ్మ చచ్చిపోయి మూడు రోజులైంది. ఓట్ల పెట్టెను పొట్టకు కరుచుకుని వదల్లేదని, ముసుగు వేసుకున్నవాడొకడు ఆవిడ ముఖం మీద తొక్కాడు. కిటికీలోంచి ఎవరో తీసిన వీడియో ఊళ్ళో ప్రతి ఫోన్‌లోనూ తిరుగుతోంది. ముఖం కనపడందే కేసు లేదన్నారు పోలీసులు. ఆ పెట్టె లెక్కలోకే రాలేదు.

చెప్పులు కుట్టే ముసలాయనకు కూతురు ఆ వీడియో చూపించింది. ఆ పిల్లకు అక్షరాలు దిద్దించింది టీచరమ్మే. బూటు పైకి లేచినచోట ముసలాయన, "ఆపు" అన్నాడు.

మడమకు ఐదు మేకులు కొడతాడాయన. కాలు ఈడ్చే ఒక్క మనిషికి మాత్రం లోపలి అంచున ఆరోది కొట్టాడు. వీడియోలోని మడమకు ఆరున్నాయి.

"దున్నగాడా నాన్నా? ఇప్పుడే ఫోన్‌లో పెట్టేస్తా."

"నోటిమాట ఎవడు నమ్ముతాడే? బూటు రావాలి. వాడే తెస్తాడు."

తెల్లారగానే తెచ్చాడు. ఓట్లకు నిలబడ్డ నాయకుడి వెంట తిరిగే మనిషి, మెడ చూసి అందరూ దున్న అంటారు. కుడి బూటు విప్పి విసిరాడు.

"మడమ మార్చు పెద్దాయనా. పాతది తగలబెట్టు."

"బాగానే ఉందిగా."

"నోరు లేనోడివనే నీ దగ్గరికొచ్చా. పని చూడు."

జిగురు డబ్బాల మధ్య కూతురు ఫోన్ అప్పటికే లైవ్‌లో ఉంది. ముసలాయన బూటు తిరగేసి అటు పట్టాడు.

"ఇది దున్నగాడి బూటు. ఆరో మేకు నేనే కొట్టా. టీచరమ్మ చెంప మీద దిగిందీ ఇదే."

దున్న సుత్తి అందుకున్నాడు. మొదటి దెబ్బకు ఇనుప దిమ్మ మీద రెండు వేళ్ళు నలిగాయి. "వదల్రా ముసలోడా!" రెండో దెబ్బకు మణికట్టు విరిగింది. ముసలాయన బూటును కడుపు కింద పెట్టుకుని బోర్లా పడ్డాడు. వీపు మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి. కూతురు తోలు కోసే కత్తి వాడి పిక్కలో దింపింది.

అప్పటికే వీధి కదిలింది. అందరి ఫోన్లలోనూ ఈ చెప్పుల కొట్టే కనపడుతోంది.

"ఆగిపోయావేంరా? కొట్టు, చూస్తున్నాంగా!" అంది రొట్టెలు కాల్చే ఆవిడ, ఇనుప పార ఎత్తి.

ఒంటి బూటుతో పరుగెత్తినవాడు సందు చివరిదాకా పోలేదు. పోలీసులు వచ్చేసరికి ముసుగు లేకపోయినా ఆ ముఖం గుర్తుపట్టేలా లేదు. మళ్ళీ ఓట్లు పెట్టాలని జనం అరుస్తున్నారు.

"బూటు ఇలా ఇవ్వు పెద్దాయనా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కూతురు నెత్తుటి చేత్తోనే ఫోన్ ఎత్తింది. ముసలాయన ఎడమచేత్తో బూటు తిరగేశాడు.

"ముందు మేకులు లెక్కపెట్టు. అందరికీ వినపడేలా."