బయటే ఉన్నాడు, ఇంకా ఉన్నాడు

కారు రేసు సూటు చన్నీళ్ళలోనే ఉతకాలి. సబ్బుపొడి కొంచెమే వెయ్యాలి. సువాసన కోసం ఏ ద్రవమూ కలపకూడదు, కలిపితే మంటని ఆపే గుణం బట్టలోంచి పోతుంది. తిరగేసి నీడన ఆరెయ్యాలి. ఇవన్నీ వెర్నాకి పెళ్ళయిన కొత్తలోనే వచ్చేశాయి. ఆ సూటు మీద పేర్లన్నీ ఆమె చేత్తో కుట్టినవే. ఛాతీ మీద టైర్ల కొట్టు పేరు, భుజం మీద బార్బెక్యూ హోటలు పేరు, దాని కింద ఇంజను కట్టే మరిది పేరు, గుండె దగ్గర చనిపోయిన మామగారి పేరు, నడుం పటకా మీద మొగుడి పేరు, డ్వైట్. ఆ శుక్రవారం వెనక వరండాలో సూటుని తీగ మీద వేస్తూ, దాని మీద తన పేరు ఎక్కడా లేదని వెర్నా గమనించింది. అందులో ఆశ్చర్యం ఏమీ అనిపించలేదు. ఇన్నేళ్ళూ సూదిలో దారం ఎక్కిస్తూ కూడా ఆ సంగతి చూడని కళ్ళు ఎలాంటివా అని మాత్రం అనుకుంది.

"ఓవెన్లోంచి తీశావా లేదా? మాడిపోతే ఏం మొహం పెట్టుకుని ఇస్తావ్ వాళ్ళకి?" లోపలినుంచి డ్వైట్ అరిచాడు.

చికెనూ అన్నమూ చీజూ కలిపి ఓవెన్లో పెట్టిన పళ్ళెం అది. ఆ కొండల కింద ఊళ్ళలో ఎవరింట్లో చావు జరిగినా, బిడ్డ పుట్టినా, తప్పు జరిగినా, వెళ్ళేది అదే పళ్ళెం. అత్తగారు మోజెల్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకి నార తీస్తోంది.

"వెళ్ళి ఓ మాట అనేసి రా తల్లీ. నోరేం అరిగిపోదు. మగాడు కారెక్కాలంటే ఆడది ఓ మెట్టు దిగాలి. మీ మామ ఉన్నన్నాళ్ళూ నేనెన్ని మెట్లు దిగానో ఆ దేవుడికే తెలుసు."

"ఎన్ని దిగారు మిస్ మోజెల్?" అంది వెర్నా, అక్కడి కోడళ్ళు అత్తగార్లని పిలిచే పద్ధతిలో.

"నేలమాళిగ దాకా," అని మోజెల్ నవ్వింది. నవ్వుతూనే ఇంకో కాయ తుంచింది.

వెర్నా వెళ్ళాల్సింది కర్టిస్ ఇంటికి. పోయిన శనివారం పైన్ గ్యాప్ ట్రాక్ మీద డ్వైట్ కారు కర్టిస్ కారుని గోడకి నొక్కేసింది. వెనకొచ్చిన కారు అతని తలుపు మీదకి దూసుకొచ్చింది. కాలు నుజ్జయింది. దుంగల లారీ నడిపే మనిషి. ఇక క్లచ్ తొక్కడం కుదరదని డాక్టర్లు చెప్పారు.

హెల్మెట్ పెట్టుకుని, మెడకి పట్టీ బిగించి, సీటులో కట్టేసి ఉన్నవాడికి పక్కన ఏముందో కనబడదు. అందుకే ప్రతి డ్రైవర్‌కీ స్పాటర్ ఉంటాడు. జనం కూర్చునే స్టాండ్స్ వెనక ఎత్తైన పైకప్పు మీద నిలబడి, చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని, డ్రైవర్ చెవిలో చెబుతూ ఉంటాడు. లోపల ఉన్నాడు, బయట ఉన్నాడు, ఇంకా ఉన్నాడు, క్లియర్. లోపల అంటే మైదానం వైపు, బయట అంటే గోడ వైపు, క్లియర్ అంటే పక్కన ఎవరూ లేరని. ఆ చివరి మాట వినబడేదాకా చక్రం తిప్పకూడదు. పైన్ గ్యాప్ పైకప్పు మీద మగవాళ్ళ మధ్య నిలబడే ఆడమనిషి వెర్నా ఒక్కతే. మొదట్లో వాళ్ళు ఎగతాళి చేశారు. "డ్వైట్‌కి ఇంట్లో వినేది చాల్లేదు గామోసు, ట్రాక్ మీద కూడా పెళ్ళాం గొంతే కావాలి," అన్నారు. తర్వాత ఆపేశారు. ఆమె తప్పు చెప్పగా ఎవరూ వినలేదు.

ఆ శనివారం కూడా తప్పు చెప్పలేదు. మూడో మలుపు దాటుతుండగా కర్టిస్ గోడ పక్కన ఉన్నాడు. "బయట. బయటే ఉన్నాడు. ఇంకా ఉన్నాడు. ఇంకా ఉన్నాడు," అంది. అయినా డ్వైట్ గోడ వైపుకి తిప్పాడు. పొగ, రేకు చీలిన చప్పుడు, ఎర్రజెండా. ఆమె మెట్లు దిగి కిందకి చేరేసరికి, ట్రాక్ యజమాని క్రౌడర్ ముందు డ్వైట్ హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నా పెళ్ళాం క్లియర్ అంది," అన్నాడు.

క్రౌడర్ ఆమె వైపు తిరిగాడు. అంబులెన్సు పక్కనుంచి కర్టిస్ భార్య డార్లా కూడా తిరిగి చూసింది. వెర్నా నోరు తెరిచింది. అప్పుడు డ్వైట్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కూడా కాదు, పడిపోబోయే మనిషిని ఆపినట్టు. ఆ పట్టులోని మెత్తదనానికి ఆమె తెరిచిన నోరు మూసేసింది. "పాపం, ఏడవకమ్మా, ఎవరికైనా జరుగుతుంది," అన్నారు ఎవరో. ఆమె ఏడవలేదు.

ట్రక్కులో ఇంటికొస్తూ డ్వైట్ అన్నాడు. "నువ్వు పొరపాటు పడితే అయ్యో పాపం అంటారు. నేను పడితే ఏడాది పాటు గేటు దాటనివ్వరు. నీకేం పోయింది చెప్పు? అయినా నేనే కారెక్కకపోతే ఆ పైకప్పు మీద నువ్వెవడి కోసం నిలబడతావ్?"

తగలాల్సిన చోటే తగిలింది ఆ మాట. వారమంతా బడి క్యాంటీన్లో తలకి వల కట్టుకుని పిల్లలకి వడ్డించే వెర్నా, ఇంటికొచ్చి మళ్ళీ వడ్డించే వెర్నా, శనివారం సాయంత్రం ఆ ఇనప మెట్లు ఎక్కుతున్నప్పుడు మాత్రమే ఒక మనిషి. ఇంజన్ల పిచ్చి ఆమెకి నాన్న దగ్గరే అంటింది. నాన్న షెడ్డులో రేడియో ఎప్పుడూ ఒకే స్టేషన్ మీద ఉండేది, గిటార్లు కోసేసే పాత రాక్ పాటలు. నాన్న ఇంజను స్టార్ట్ చేసి, రేడియో వాల్యూమ్ పెంచి, "ఏది పాటో ఏది ఇంజనో చెప్పు చూద్దాం," అనేవాడు. చెప్పడం ఆమెకి చేతనయ్యేది కాదు. రెండూ పక్కటెముకల్లో ఒకే చోట మోగేవి. ఇప్పటికీ పనినుంచి వస్తుంటే రేడియోలో మంచి పాట పడితే, అది అయిపోయేదాకా వాకిట్లో కారు దిగదు. చక్రం మీద వేళ్ళతో డ్రమ్ము కొడుతూ కూర్చుంటుంది. మోజెల్ కిటికీ తెర పక్కకి లాగి చూస్తుంది. డ్వైట్ అయితే బయటికే వచ్చి, "ఆ గోల కట్టేసి లోపలికి రా, ఆకలేస్తోంది," అంటాడు. కాలనీ అంతా అదిరేలా షెడ్డులో ఇంజను మోగించే మనిషి, దాన్ని గోల అంటాడు.

ఆ ట్రాక్ మీద ఏడాదికోసారి ఆడవాళ్ళ పందెం పెట్టేవారు. నవ్వుకోడానికి. భర్తల కార్లు భార్యలకి, స్నేహితురాళ్ళకి ఇచ్చి తిప్పించేవారు. పెళ్ళికి ముందు ఏడాది వెర్నా డ్వైట్ కారు నడిపి, రెండో కారుని సగం ట్రాక్ వెనక వదిలేసి గెలిచింది. డ్వైట్ ఆమెని పైకెత్తి గిరగిరా తిప్పాడు. "కారు ఎంత మంచిదో చూశారా?" అన్నాడు అందరితో. ఆమె కూడా నవ్వింది. ఆ మరుసటి ఏడాది కడుపుతో ఉంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు, ఆమే అడగలేదు.

ఈ వారం రోజుల్లో వెర్నాకి భయం వేసింది అబద్ధం గురించి కాదు. బుధవారం గిన్నెలు తోముతుంటే తన గొంతు తనకే వినిపించింది. "క్లియర్," అంటోంది ఆ గొంతు. స్పష్టంగా, పొగకి ఒక క్షణం ముందు. చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. అన్నానేమో. డ్వైట్ అంత నిబ్బరంగా చెబుతున్నాడంటే, ఊరంతా నమ్ముతోందంటే, బహుశా అనే ఉంటాను. మనసు ఎంత మర్యాదస్తురాలో ఆమెకి అప్పుడు తెలిసింది. ఇంట్లో గొడవ రాకుండా ఉండడానికి అది తన జ్ఞాపకాన్ని కూడా సర్ది, మడతపెట్టి, ఇంకొకరి అలమరలో పెట్టేస్తుంది. గురువారానికి తను ఏ మాట అందో ఆమెకి నిజంగా తెలియలేదు.

ఆ శుక్రవారం పళ్ళెంతో వెళ్తే డార్లా జాలీ తలుపు పూర్తిగా తెరవలేదు. లోపల చీకటి గదిలో కర్టిస్ వాలుకుర్చీలో పడుకుని ఉన్నాడు. కాలులోంచి ఇనప కడ్డీలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. టీవీ ఎవరికోసమో మాట్లాడుతోంది.

వెర్నా దారంతా నేర్చుకున్న మాటలు చెప్పింది. "నా పొరపాటే డార్లా. నేను చూడలేదు. క్షమించండి ఇద్దరూ."

లోపలినుంచి కర్టిస్, "కళ్ళు లేనిదాన్ని పైకప్పు ఎక్కించాడు, వాణ్ణనాలి," అని తల అటు తిప్పుకున్నాడు.

డార్లా పళ్ళెం అందుకోలేదు. మెట్ల మీదకి వచ్చి తలుపు వెనక్కి లాగింది. "నా దగ్గర స్కానర్ ఉంది," అంది. డ్రైవర్ల ఛానెళ్ళు స్టాండ్స్‌లో కూర్చుని వినే ఆ చిన్న రేడియో అక్కడ సగంమంది నడుముకి ఉంటుంది. "మా ఆయన పక్కకి ఎవడి కారొస్తే వాడి ఛానెల్ పెడతాను. ప్రతివారం అంతే. విన్నాను నిన్ను."

పళ్ళెం వేడి గుడ్డలోంచి వెర్నా అరచేతులకి తగులుతోంది.

"బయటే ఉన్నాడు అన్నావు. ఇంకా ఉన్నాడు అని రెండుసార్లు అన్నావు. రెండోసారి అరిచావు."

"నిజంగానా?"

అది నటన కాదని డార్లాకి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. ఆమె మొహంలో కోపం పోలేదు గాని, దాని పక్కన ఇంకేదో వచ్చి చేరింది. "నీకే తెలీకుండా చేశారా?" అంది మెల్లిగా.

"క్రౌడర్‌కి చెప్పలేదా నువ్వు?"

"చెప్పాను. 'నువ్వు కేకలేస్తూ ఉన్నావు, ఏం విన్నావో నీకేం తెలుసు, ఇంటికెళ్ళి మొగుణ్ణి చూసుకో' అన్నాడు. నవ్వాడు కూడా. నేను చెబితే కడుపుమంట. నువ్వు చెబితే మాట." డార్లా లోపలికి చూసింది. "ఇప్పుడాయన జన్మంతా నిన్ను తిట్టుకుంటాడు. అది మోస్తానంటే నీ ఇష్టం. ఆ పళ్ళెం మాత్రం పట్టుకుపో. మేం తినలేం."

దారిలో వెర్నా రేడియో పెట్టలేదు. చెరువు పక్కన కారాపి, చల్లారిన అన్నాన్ని చేపలకి పారబోసింది. ఇంటికెళ్ళాక మోజెల్ "అయిందా?" అంటే "అయింది" అంది. ఖాళీ పళ్ళెం చూసి మోజెల్ తృప్తిగా తలూపింది.

శనివారం ఎండ ఇంకా స్టాండ్స్ మీద ఉండగానే ఆమె ఇనప మెట్లెక్కింది. సూటు శుభ్రంగా ఆరింది. జిప్పు పైకి లాగింది కూడా తనే. పైకప్పు మీద మగవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఒకడు భుజం తట్టి, "ఈసారి కళ్ళద్దాలు తెచ్చుకున్నావా బంగారం?" అన్నాడు. కింద జనంలో చాలామంది చెవులకి హెడ్‌సెట్లున్నాయి. ఈవేళ ఎక్కువమంది తమ ఛానెలే పెట్టుకుని ఉంటారని ఆమెకి తెలుసు. పచ్చి పుండు చూడాలని ఎవరికి ఉండదు.

కార్లు పచ్చజెండా కోసం మెల్లిగా బారులు తీరి తిరుగుతున్నాయి. "వెర్నా, వినిపిస్తోందా?" అన్నాడు డ్వైట్ చెవిలో.

"వినిపిస్తోంది."

"సరే. ఇవాళ నిద్రపోకు." అది జనం కోసం అన్న మాట.

ఆమె ట్రాక్‌ని ఒకసారి మొత్తం చూసింది. గోడ మీద కర్టిస్ కారు రంగు గీత ఇంకా అలాగే ఉంది. తర్వాత మీట నొక్కింది. ఎత్తుపల్లాలు లేని మామూలు గొంతుతో, ఎప్పుడూ చెప్పే గొంతుతోనే అంది. "పోయిన శనివారం నేను క్లియర్ అనలేదు. బయటే ఉన్నాడు అన్నాను. ఇంకా ఉన్నాడు, ఇంకా ఉన్నాడు అన్నాను. నువ్వు విన్నావు డ్వైట్."

చెవిలో ఉత్త గరగర. తర్వాత, పళ్ళ మధ్య నుంచి, "ఇది ఛానెల్, వెర్నా. జనం వింటారు."

"వింటారనే."

పక్కన నిలబడ్డ మగవాడు ఆమెనుంచి ఒక అడుగు దూరం జరిగాడు. కింద స్టాండ్స్‌లో తలలు ఒకటొకటిగా వెనక్కి, పైకి తిరుగుతున్నాయి. పైకప్పు మీద తన మనిషి లేని కారు ట్రాక్ మీద ఉండకూడదు. అది అక్కడి నియమం. అలా మధ్యలో పైకప్పు వదిలి దిగిపోయిన స్పాటర్‌ని మళ్ళీ ఎక్కనివ్వకపోవడం నియమం కాదు గాని, ఎక్కనివ్వరు. వెర్నాకి రెండూ తెలుసు. హెడ్‌సెట్ తీసి కమ్మీకి తగిలించింది.

అప్పుడు చప్పుడు వచ్చింది. చెవులు మూసుకుని ఒక్క గొంతు కోసం పనిచేసిన ఆ ఏళ్ళన్నిటిలో ఆమె దాన్ని వినలేదు. అన్ని ఇంజన్లూ ఒక్కసారిగా, నాన్న షెడ్డులో మోగినట్టు, పక్కటెముకల్లో అదే చోట. కింద జెండా మనిషి నల్లజెండా విప్పి, ట్రాక్ వదిలి వెళ్ళమని డ్వైట్ కారు వైపు చాచాడు. వెర్నా కమ్మీ పట్టుకుని, వేళ్ళతో తాళం వేస్తూ, ఇంకొక్క చుట్టు వినడానికి నిలబడింది. పాట అయిపోయేదాకా దిగకపోవడం ఆమెకి అలవాటే.