ఒంటి తుమ్ము

వెర్రిబీ అనే ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న సుభాషిణి, అడిలైడ్‌లో చదువుకుంటున్న కూతురు తన్మయి ఆదివారం మధ్యాహ్నాల్లో ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని, ఎక్కడివాళ్ళక్కడ ఒకే సినిమా చూస్తారు. ఆ వారం సినిమాలో లోకమంతా పోయి ఒక్క మనిషే మిగిలాడు. అతను తిండి వెతుక్కోవడానికి తలుపు తీసేసరికి, ఫోన్‌లో తన్మయి ఒక్క తుమ్ము తుమ్మింది. ఆ వెంటనే లైన్ కట్టయింది.

సుభాషిణి గబుక్కున సినిమా ఆపేసింది. అతని కాలు గడప మీదే నిలిచిపోయింది. ఎన్నిసార్లు చేసినా తన్మయి ఫోన్ స్విచ్చాఫ్. పిల్ల కళ్ళు తిరిగి పడిపోయిందేమో, చూసేవాళ్ళయినా ఉన్నారో లేరో! కిటికీలోంచి చూస్తే వీధిలో నరమానవుడు లేడు. ఇంట్లో తనూ, తెర మీద అతనూ.

చాలాసేపటికి ఫోన్ మోగింది.

"అమ్మా, సారీ! ఛార్జింగ్ అయిపోయింది, ఛార్జరేమో యూనివర్సిటీలో మర్చిపోయా, వెళ్ళి తెచ్చుకున్నా. సినిమా చూసేశావా?"

"ఎలా చూస్తానే? నువ్వు తుమ్మావుగా. అతన్ని కదలనివ్వలేదు."

"అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ మూవీ!"

"అయితే మాత్రం? కాస్త ఆగి వెళ్ళు నాయనా అనడానికి అతనికెవరున్నారు?"

తన్మయి నవ్వబోయి ఆగింది. "సరే, నీళ్ళు తాగి పెట్టు."

సుభాషిణి గ్లాసెడు నీళ్ళు తాగి, అతన్ని గడప దాటించింది.