పాట కింద ఇంకో గీత

"ముత్యాలూ! ఓ ముత్యాలూ! జల్దీ రావే, బ్యాటరీ అర్ధగంటే ఉంటది!"

లింగం పిలుపుకు వంటింట్లో పెళ్లాం గిన్నెల చప్పుడు పెంచింది. ఆ రోజు పవర్ హాలిడే, వారానికోసారి వచ్చే కరెంటు కోత. కంపెనీలన్నీ మూతబడి లక్డారంలో రొద ఆగిపోయింది. వారంలో పాట రికార్డు చేసుకునేందుకు అదొక్క రోజే. లింగం తలుపుకు బొంత కట్టాడు. కోళ్లను పక్కింటి పెంటయ్య వాకిట్లోకి తోలాడు. సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ తెరిచాడు. రికార్డింగ్ తెర మీద ఇదివరకే కొట్టించిన డప్పుకు ఒక గీత, తన బొంగురు గొంతుకు ఒక గీత. మూడోది ముత్యమ్మ కోరస్ కోసం ఖాళీగా ఉంది.

ఆ లాప్‌టాప్‌లో ఎవరు పాడినా వాళ్ల గీత కింద ఇంకో గీత దానంతటదే పడుతుంది. పాడేటప్పుడు మనసులో దాచుకున్న మాట అందులో వినబడుతుంది. మొన్న పెంటయ్య భజన పాడితే, తమ్ముని పొలం గెట్టురాయి జరిపిన సంగతి వచ్చింది. తెల్లారే పోయి రాయి వెనక్కి పాతి, "ఇంకోటి పాడుత, పెట్టురా" అని వచ్చి కూర్చున్నాడు. ఊళ్లో ఎవరికీ అది వింత కాదు.

ముత్యమ్మ మాత్రం నెల నుంచి పాడడం లేదు. గొంతు నొప్పి అంటుంది.

సరిగ్గా నెల కిందటే ఒక పాట పటాన్‌చెరు ఆటోల్లో మోగింది. "కర్దనూరు బాటల కడియాలు మోగితే..." పెళ్లికి ముందు, బాట మీద ఆమె నడక చూసి లింగం అల్లుకున్న పాట! సీడీ మీద పేరు నరసరాజుది, గొంతూ అతనిదే. సీడీల దుకాణం నడిపే నరసరాజు, ఈ ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నాడో.

లింగం పోయి అడిగితే, "నీ పాటున్న పెన్‌డ్రైవ్ నా చేతికి వచ్చింది, పాడుకున్నాను. ఎవరిచ్చారో నన్నడగకు లింగం" అని నవ్వేశాడు.

డప్పు కొట్టే మొగులయ్యే ఇచ్చాడని లింగం తీర్మానించుకున్నాడు. పదేండ్ల దోస్తును కంపెనీ షిఫ్టు బస్సులో అందరి ముందూ దొంగ అన్నాడు.

ముత్యమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మొగులన్నను మళ్ల ఇంటికి పిలుస్తవా లేదా? ఆయన గట్ల జెయ్యడయ్యా."

"మరెవలు జేస్తరే? గీ ఇంట్ల ఇంకెవలున్నరు? నువ్వు, నేను."

ఆమె అతని మొహంలోకి చూసింది. అక్కడ అనుమానం ఇసుమంత కూడా లేదు. అదే ఆమెను నిలవనీయలేదు. మైకు ముందు కూర్చుని, "పెట్టు" అంది.

కండ్లు మూసుకుని పాడింది. గొంతు నొప్పి ఎక్కడిది, తేనె లెక్క సాగింది. లింగం మురిసిపోయాడు. ఆమె గీత కింద ఇంకోటి సన్నగా పాకడం మొదలైంది. అతను హెడ్‌ఫోన్ అందుకోబోయాడు.

ముత్యమ్మ దాని మీద చెయ్యి పెట్టింది.

"ఆగు. అది చెప్తె ఇనకు. నేనే చెప్త."

"ఏందే?"

"పెన్‌డ్రైవ్ నేనిచ్చిన. మొగులన్నకు ఏం తెల్వదు." ఆమె హెడ్‌ఫోన్ మీద చెయ్యి తీయలేదు. "సీడీ మీద నీ పేరు ఏస్తనన్నడు నరసరాజు, నమ్మిన. గది సగం సంగతే. అది నా మీది పాట గదయ్యా... ఒక్కసారి మంచి గొంతుల ఇనాలనిపిచ్చింది."